కరెంటు ట్రక్కుతో మొదటిసారి లంకలోకి దిగేవాళ్ళకి

మీ ప్రశ్న చదివానండి. అరటి గెలల కిరాయికని చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు కొన్నారు. ఇంతవరకూ రావులపాలెం, కొత్తపేట, అమలాపురం మధ్య తారు రోడ్డు మీదే తిప్పారు. వచ్చే వారం మొదటిసారి లంకలోకి, అంటే గోదారి పాయల మధ్య దీవిలా ఉండే నేలలోకి, దించాలి. ఊళ్ళో వాళ్ళేమో "కరెంటు బండి ఇసుకలో పనికిరాదు, మధ్యలో ఛార్జింగ్ అయిపోతే నువ్వే మొయ్యాలి" అని బెదిరిస్తున్నారు. ఛార్జింగ్ ఎంత ఉంచుకోవాలి, నీళ్ళలో దిగొచ్చా, దిగబడితే ఏం చెయ్యాలి, తోడుగా ఇంకో బండి కావాలా అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్ళు డీజిల్ బండి తోలాను, రెండేళ్ళుగా కరెంటుది తోలుతున్నాను. ఛార్జింగ్ అయిపోయి ఇంతవరకూ ఎక్కడా ఆగలేదు. కానీ లంకలో మొదటి ట్రిప్పులోనే దిగబడ్డాను. తప్పు బ్యాటరీది కాదు, డీజిల్‌కి అలవాటుపడ్డ నా కుడికాలిది. అదెలాగో ముందు చెబుతాను, మీ ప్రశ్నల్లో సగానికి జవాబు అందులోనే ఉంది.

మార్చి నెల. గోదారి బాగా తగ్గి గౌతమి పాయలో సగం ఇసుకే. ఏటిగట్టు దిగి, ఎండిన చిన్న పాయ ఒకటి దాటితే లంక. ఆ పాయలో ఇసుక దారి 400 మీటర్లు ఉంటుంది. పొద్దున్న ఆరున్నరకి ఖాళీ బండితో దాటాను. రాత్రి మంచుకి ఇసుక తడిగా ఉంది, టైరు అచ్చు పడిందే గానీ చక్రం దిగలేదు. క్లచ్చు లేదు, గేరు లేదు, కాలు ఆనిస్తే వెళ్ళిపోయింది. దీనికా వీళ్ళంతా భయపెట్టింది అనుకున్నాను. 45 గెలలు ఎక్కించేసరికి పదకొండున్నర అయింది, సుమారు 600 కిలోలు. అదే దారిన, పొద్దున్న పడిన అచ్చులోనే వెనక్కి బయల్దేరాను. సగం దాటాక వెనక చక్రాలు కూర్చున్నాయి.

అలవాటు ప్రకారం కాలు గట్టిగా నొక్కాను. డీజిల్ బండైతే ఇంజను మూలుగుతుంది, లేకపోతే ఆగిపోతుంది, ఏదో ఒక విధంగా మనకి చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు. కరెంటు మోటారు సున్నా స్పీడు దగ్గరే తన బలమంతా ఇచ్చేస్తుంది. ఆ బలంతో చక్రం గిర్రున తిరిగి కింద ఇసుకని వెనక్కి తోడేసింది. నాకు వినపడిందల్లా బండి అడుగున ఇసుక కొట్టుకుంటున్న చప్పుడే. దిగి చూస్తే వెనక ఇరుసు ఇసుకని ఆనుకుని ఉంది. మూడు నాలుగు సెకన్ల పని అది.

అప్పటికైనా ఆగాల్సింది. మళ్ళీ ఎక్కి ముందుకీ వెనక్కీ ఊపడం మొదలుపెట్టాను. పావుగంట గడిచేసరికి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, బండి బలం సగానికి సగం పడిపోయింది. లక్షలు పోసి కొన్న బండి కాల్చేశానని కాళ్ళు వణికాయి. నిజానికి అది చెడిపోవడం కాదు. చక్రం కదలకుండా, లేదా నత్తలా కదులుతూ బలం లాగుతుంటే మోటారులోనూ, దానికి కరెంటు పంపే కంట్రోలర్‌లోనూ వేడి పుడుతుంది. ఒక హద్దు దాటగానే బండి తనంతట తానే బలం తగ్గించుకుంటుంది. ఇరవై నిమిషాలు ఊరికే వదిలేస్తే దీపం ఆరిపోయింది. మీకు ఆ దీపం కనిపిస్తే చేయాల్సింది కూడా అంతే, దిగి నీడలో కూర్చోండి.

ఆ నీడలో కూర్చున్నప్పుడే గేదెల్ని తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు ఇసుక ర్యాంపులో ట్రాక్టరు తోలేవాడట. బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద కాలితో తన్ని, "గాలి ఎంతుంది?" అన్నాడు. 45 పాయింట్లు అన్నాను. "రోడ్డు మీద గాలితో ఇసుకలోకి వస్తావేంటయ్యా, సగం తీసెయ్" అన్నాడు. లోడు ఉంది కదా అని సగం తియ్యలేదు, 30కి తెచ్చాను. టైరు అడుగు వెడల్పయి ఇసుక మీద పరుచుకుంది. చక్రాల ముందూ, ఇరుసు కిందా పారతో తవ్వాం. ఒడ్డున రాశి పోసిన కొబ్బరి డొక్కలు రెండు గంపలు తెచ్చి, పీచు పైకి వచ్చేలా టైర్ల కింద తొక్కించాం. ఈసారి కోడిగుడ్డు మీద పెట్టినట్టు కాలు ఆనించాను. బండి ఒక్కసారి ఊగి బయటికి వచ్చింది. గట్టు ఎక్కేదాకా ఎక్కడా ఆపలేదు.

ఇప్పుడు ఛార్జింగ్ లెక్క. మన బండ్లలో బ్యాటరీ 21 యూనిట్లు అనుకోండి. ఆ రోజు రావులపాలెంలో 100 శాతంతో బయల్దేరితే, 28 కిలోమీటర్లు వచ్చి ఏటిగట్టు ఎక్కేసరికి 80. గట్టు మీద అయిదు కిలోమీటర్లు, ఇసుక దాటి లంకలోకి వెళ్ళాక 74. తిరుగు ప్రయాణంలో ఆ 400 మీటర్లు దాటి గట్టెక్కేసరికి 60. అంటే అరకిలోమీటరు కూడా లేని దారికి, దిగబడి పావుగంట ఊపిన దానితో కలిపి, 14 శాతం, సుమారు 3 యూనిట్లు. అదే 3 యూనిట్లతో లోడు మీద తారు రోడ్డున 16 కిలోమీటర్లు వచ్చేవాణ్ణి. పదిహేను ఆంప్స్ సాకెట్‌కి పెడితే ఆ 3 యూనిట్లు మళ్ళీ ఎక్కడానికి గంట పడుతుంది. ఇంటికి చేరేసరికి ఇంకా 29 మిగిలిందనుకోండి.

దిగబడకపోయినా ఇసుక తారు కంటే చాలా ఎక్కువ తింటుంది, కారణం చాలా మామూలుది. లోడుతో కలిపి రెండు టన్నుల బండి నున్నటి తారు మీద కదలాలంటే 30 కిలోల తోపు చాలు, ఇద్దరు మనుషులు తోసేస్తారు. వదులు ఇసుకలో అదే బండికి 300 కిలోల పైన కావాలి, పదిమంది పట్టినా కదలదు. కాబట్టి లంక ట్రిప్పుకి కిలోమీటర్లు లెక్కపెట్టకండి, నేల లెక్కపెట్టండి. తారు ఎంత, గట్టు ఎంత, ఇసుక ఎంత అని విడివిడిగా చూసుకోండి. నా మట్టుకు నేను ఒక కిలోమీటరు ఇసుకని పది కిలోమీటర్ల తారుగా లెక్కేస్తాను, అది కాక చివరి 20 శాతం ముట్టుకోను. ఇంకొకటి, మీటరు మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు వస్తుంది" అని చూపిస్తుందే, అది కొద్దిసేపటి క్రితం మీరు ఎలా తోలారన్నదాన్ని బట్టి వేసే అంచనా. ఇసుకలోంచి బయటపడగానే అది సగానికి పడిపోయి కనిపిస్తుంది, గుండె జారుతుంది. శాతం చూడండి, కిలోమీటర్లు చూడకండి. ముందు రోజు రాత్రి మాత్రం 100 దాకా ఎక్కించండి. ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో నిండుగా పెట్టకుండా చాలా రోజులు తిప్పితే శాతం లెక్క కొంచెం తప్పుతూ ఉంటుంది.

గట్టు రోడ్ల గురించి భయపడాల్సింది లేదు. 15, 20 స్పీడులో వెళ్తాం కాబట్టి ఛార్జింగ్ పెద్దగా తినదు. అక్కడ ప్రమాదం వేరే. మీరు కాలు తియ్యగానే మోటారు బ్రేకులా పనిచేసి కరెంటు వెనక్కి పంపుతుంది కదా, రీజెన్ అంటారు. ఆ బ్రేకు పడేది వెనక చక్రాలకే. ఖాళీ బండికి వెనక బరువు ఉండదు. తడి గట్టు మీద కాలు ఠక్కున తీస్తే వెనక భాగం కాలవ వైపు జారుతుంది. నాకు ముమ్మిడివరం వైపు ఒక కాలవ గట్టు మీద ఈ అనుభవం అయింది, అంచుకి మూరెడు దూరంలో ఆగింది. రీజెన్ తగ్గించుకునే వీలుంటే తడి నేల మీద తగ్గించుకోండి, లేదంటే కాలు మెల్లగా తియ్యండి. బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఇంకో తమాషా ఉంది. కరెంటు తీసుకోవడానికి ఖాళీ లేక రీజెన్ దాదాపు పనిచెయ్యదు. గట్టు పక్కనే ఇల్లుండి, పొద్దున్నే నిండు ఛార్జింగ్‌తో ర్యాంపు దిగేవాళ్ళకి బండి రోజూలా ఆగదు. బ్రేకు మీద కాలు ఉంచుకోండి.

రేగడి వేరే కథ. ఎండితే రాయి, నాలుగు చినుకులు పడితే సబ్బు. ఇసుకలో పనిచేసినంతగా ఇక్కడ గాలి తియ్యడం పనిచెయ్యదు. జిగురు మట్టి టైరు గాడుల్లోకి ఎక్కి టైరు బోడిగుండు అయిపోతుంది. వాన పడి కనీసం ఒక పూట ఎండ కాయనిదే నేను రేగడి దారిలోకి దిగను. కిరాయి పోతే పోయింది. ఇసుకలో దిగబడితే గంటలో బయటపడతాం, రేగడిలో దిగబడితే ఆ రోజు అక్కడే.

దిగేముందు నడవండి. ఇది నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే చవకైనది. చెప్పులు విప్పి దారంతా ఒకసారి నడిస్తే మడమ ఎంత దిగుతోందో తెలుస్తుంది. మడమ దిగిందంటే లోడు బండి చక్రం ఇంకా దిగుతుంది. మట్టలు పరిచిన చోట కింద ఏముందో కర్రతో పొడిచి చూడండి, నరికేసిన కొబ్బరి మోడు ఉండొచ్చు. డీజిల్ బండికి అడుగున మోడు తగిలితే సొట్టతో పోతుంది. మనకి అక్కడ బ్యాటరీ పెట్టె ఉంది. ప్రతి లంక ట్రిప్పు తర్వాతా టార్చి వేసుకుని అడుగు చూసుకోవడం అలవాటు చేసుకోండి. పెట్టెకి సొట్ట గానీ పగులు గానీ కనిపిస్తే ఛార్జింగ్ పెట్టకుండా సర్వీసు వాళ్ళకి చూపించండి. జాకీ కూడా పుస్తకంలో చూపించిన చోటే పెట్టాలి, బ్యాటరీ పెట్టె కింద కాదు.

దిగబడితే ట్రాక్టరుతో లాగించడం గురించి. ఇంకోసారి ఇలాగే ఆగినప్పుడు ఒక రైతు ట్రాక్టరు తెచ్చారు. ఆయన దగ్గర కుర్రాడు మంచి చురుకైనవాడు, నేను చెప్పేలోపే మోకు పట్టుకుని బండి కిందకి దూరేశాడు. వంగి చూస్తే ఫ్రేము పక్కనే పోతున్న నారింజ రంగు గొట్టానికీ ఇరుసుకీ కలిపి మోకు చుట్టబోతున్నాడు. గట్టిగా అరిచాను, పాపం హడలిపోయాడు. నారింజ రంగు తొడుగు ఉన్న ఏ వైరైనా పెద్ద బ్యాటరీ కరెంటు పోయేది. దాన్ని లాగకూడదు, కోయకూడదు, మోకు తగలనివ్వకూడదు. సాయానికి వచ్చినవాళ్ళకి బండి మీద చెయ్యి వెయ్యకముందే ఈ ఒక్క ముక్కా చెప్పండి. మోకు టోయింగ్ కొక్కేనికే కట్టాలి, బండి న్యూట్రల్‌లో ఉండాలి, మనిషి నడిచే వేగంతో పది ఇరవై మీటర్లు, అంతవరకే. అక్కడి నుంచి ఊళ్ళోకి లాక్కుపోదాం అంటే ఒప్పుకోకండి. వెనక చక్రాలు నేల మీద తిరుగుతుంటే మోటారూ తిరుగుతుంది, తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది, కంట్రోలర్ కాలిపోవచ్చు. బండి కదలని స్థితిలో ఉంటే చక్రాలు నేలకి ఆనకుండా ఇంకో వాహనం మీద ఎక్కించి తీసుకుపోవడమే.

నీళ్ళ సంగతికి వస్తే, అమ్మేటప్పుడు ఐపీ67 అని చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు, అంటే గోదారి ఈదేస్తుందని నేనూ అనుకున్నాను. ఆ అంకె అర్థం, ఆ పెట్టె కదలకుండా మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని పరీక్షలో తేలిందని. అది బ్యాటరీ పెట్టె సంగతి. చక్రాల బేరింగులకీ, ఇరుసు గాలి గొట్టానికీ, కనెక్టర్లకీ, 12 వోల్టుల చిన్న బ్యాటరీకీ ఆ హామీ లేదు. పైగా పారే నీటికి బండిని పక్కకి తోసే బలం ఉంటుంది. ఎంత లోతు దిగొచ్చో బండి పుస్తకంలో రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి. నా లెక్కలో మోకాలి కింద దాకా, నిలకడ నీళ్ళు, అడుగు గట్టిది అయితేనే. ఇసుకలో తిరిగి వేడెక్కిన బండిని వెంటనే చల్లటి నీళ్ళలో దింపకండి. లోపలి గాలి చల్లబడి ముడుచుకుని, ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి నీటిని లోపలికి పీలుస్తుంది.

ఓడలరేవు, అంతర్వేది వైపు వెళ్తే ఇంకో జాగ్రత్త ఉంది. అక్కడ పాయల్లో పోటు, పాటు ఉంటాయి. పొద్దున్న చీలమండ లోతున్న రేవు మధ్యాహ్నానికి నడుం లోతు అవుతుంది. పైగా ఉప్పునీరు. ఉప్పునీరు తగిలిన రోజు రాత్రే మంచినీళ్ళతో అడుగంతా కడగండి, పంపు గొట్టం నీళ్ళతో మెల్లగా. వాషింగ్ సెంటర్లో ప్రెషర్ గన్ పట్టుకుని కనెక్టర్ల మీద కొట్టిస్తే ఉప్పు పోదు, నీరు లోపలికి పోతుంది. బ్యాటరీ మునిగేంతగా నీళ్ళలో ఉన్న బండిని, ఆరిపోయింది కదా అని ఛార్జింగ్ పెట్టకండి. ఇళ్ళకి దూరంగా ఆరుబయట ఉంచి సర్వీసు వాళ్ళని పిలవండి.

పంటు, అంటే బండ్లని ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కించడం సులువే. కోటిపల్లి, సఖినేటిపల్లి రెండు రేవుల్లోనూ ఎక్కించాను. తడి చెక్కల మీద కాలు మెల్లగా ఆనించాలి, అంతే. ఏటవాలు మీద ముందు బండి కోసం ఆగాల్సి వస్తే బ్రేకుతో ఆపండి. కొంతమంది యాక్సిలరేటరు కొద్దిగా తొక్కిపట్టి బండిని నిలబెడతారు, అది డీజిల్ రోజుల హాఫ్ క్లచ్ అలవాటు. మోటారు తిరగకుండా కరెంటు తాగుతూ వేడెక్కుతుంది.

లంకలో ఛార్జింగ్ పెట్టుకుందాం అనే ఆలోచన ఉంటే ముందు ఎర్తు సంగతి కనుక్కోండి. ఒకసారి తోట యజమాని ఎంతో ఆదరంగా వసారాలో ప్లగ్గు చూపించారు. పెడితే ఛార్జర్ ఎర్ర దీపం వేసి మొరాయించింది. మూడు కాళ్ళ సాకెట్టే గానీ, మూడో రంధ్రానికి వెనక వైరే లేదు. ఎర్తు లేకపోతే ఛార్జర్ ఒప్పుకోదు, అది మన మంచికే. ఎర్తు ఉన్నా, లైను చివర ఊళ్ళలో సాయంత్రం ఓల్టేజీ పడిపోతే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఇంట్లో టేబుల్ ఫ్యాన్‌కి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ తీసుకుపోకండి, పదిహేను ఆంప్స్ గంటల తరబడి లాగితే కరుగుతుంది. టూ పాయింట్ ఫైవ్ (2.5 చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరుది చేయించుకోండి, వాడేటప్పుడు చుట్టంతా విప్పి పరవండి. చుట్టలో ఉంచితే వేడి బయటికి పోదు. బోరు మోటారు కనెక్షన్ నుంచి ఇస్తామని రైతులు అంటారు. ఆ ఉచిత కరెంటు పంపుసెట్టుకి ఇచ్చింది, మనం వాడితే ఇబ్బంది వాళ్ళకే వస్తుంది. వద్దని చెప్పండి.

మరిచిపోయాను, చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, 12 వోల్టులది చచ్చిపోతే బండి లేవదు. పెద్దదాన్ని మోటారుకి కలిపే స్విచ్చులు పనిచేసేది దాంతోనే. గెలలు ఎక్కించే మూడు గంటలూ తాళం తిప్పి ఉంచి పాటలు పెట్టుకున్న ఒక మిత్రుడు లంకలో రాత్రి పడుకోవాల్సి వచ్చింది. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉంది! లోడింగ్ అయ్యేదాకా తాళం తీసి జేబులో వేసుకోండి.

చప్పుడు లేకపోవడం గురించి ఎవరూ చెప్పరు. లంక దారుల్లో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళకి మీ బండి వెనకే వచ్చినా తెలియదు. గేదెలు అసలే లేవవు. దూరం నుంచే చిన్నగా హారన్ ఇచ్చుకుంటూ వెళ్ళండి, దగ్గరికెళ్ళి కొడితే మోపు పడేసి తిడతారు, తప్పు మనదే.

కాలం చూసుకోండి. జూలై, ఆగస్టుల్లో వరదతో ఎర్రనీరు వచ్చాక కరెంటు బండి అయినా డీజిల్ బండి అయినా ఒకటే. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అప్పటికి 10 లక్షల క్యూసెక్కులు వస్తున్నట్టు. రెండోది 13.75, మూడోది 17.75 అడుగులకి. కానీ కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునగడానికి పెద్ద వరదే రానక్కర్లేదు. భద్రాచలంలో నీరు పెరుగుతోందని వార్త వినగానే లంకలో బండి ఉంటే ఆ పూటే గట్టు ఎక్కించండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వారం ఏటిగట్ల మీద వరసగా నిలబెట్టిన ట్రాక్టర్లు మీరూ చూసే ఉంటారు.

ఇక తోడుగా ఇంకో బండి అక్కర్లేదు, మనిషి కావాలి. ఆ లంకలో రోజూ తిరిగే మనిషి. ఏ పాయ ఎప్పుడు ఎండింది, ఏ దారిలో నిన్న ట్రాక్టరు దిగబడింది అతనికే తెలుసు. బండిలో ఒక పార, మోకు, గాలి కొలిచే గేజీ, చిన్న ఎయిర్ కంప్రెసర్, రెండు గోనెసంచుల కొబ్బరి డొక్కలు వేసుకోండి. గేజీ, కంప్రెసర్ మరిచిపోవద్దు. గాలి తీసిన టైర్లతో తారు రోడ్డు ఎక్కి నలభై స్పీడులో పోతే టైరు వేడెక్కి చిరుగుతుంది, గట్టు ఎక్కగానే మళ్ళీ కొట్టుకోవాలి. మొదటి ట్రిప్పుకి సగం లోడే ఒప్పుకోండి, ఆరు గంటలకల్లా లంకలో ఉండి, ఇసుక ఆరకముందే తొమ్మిదికి బయటికి వచ్చేయండి. గెలలు ముందు రోజు సాయంత్రమే కోసి పాయ ఒడ్డుకి చేర్చి ఉంచమని తోట యజమానికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.